క్యాంప్‌గ్రౌండు మేనేజరు గారికి కరెంటు అర్జీ

మహారాజశ్రీ మేనేజరు గారి దివ్యసముఖానికి,

టెక్సస్ హిల్ కంట్రీలో నది ఒడ్డున తమరి ఏలుబడిలో ఉన్న ఆర్వీ క్యాంప్‌గ్రౌండులో ఆగస్టు నెలలో ఓ వారాంతం బస చేసిన తెలుగు కుటుంబం నమస్కరించి రాయునది. మేం క్షేమం. తమరూ క్షేమమని తలుస్తాం. మా ట్రైలరు కప్పు మీది ఏసీ క్షేమమో కాదో మెకానిక్ ఇంకా తేల్చలేదు.

ఈ అర్జీ తెలుగులో ఎందుకంటారా? ఇదే సంగతి మీ ఆఫీసు కిటికీ దగ్గర ఇంగ్లీషులో విన్నవించుకున్నాను. "ఇంకెవరూ కంప్లయింటు చెయ్యలేదే" అన్నారు. మళ్లీ విన్నవించుకున్నాను. "మీ బండిలోనే ఏదో తేడా ఉండుంటుంది" అన్నారు. ఇంగ్లీషులో అంతకు మించి దారి కనబడలేదు. తెలుగులో రాస్తే తమరికి అర్థం కాకపోయినా, డాలస్ చుట్టుపక్కల ఆర్వీ కొందామని వాయిదాల లెక్కలు వేసుకుంటున్న మావాళ్లకైనా పనికొస్తుంది.

వాళ్ల కోసం తమరికి తెలిసిన సంగతే కాస్త చెప్పనివ్వండి. క్యాంప్‌గ్రౌండులో ప్రతి సైటు పక్కనా ఓ పెట్టె పాతి ఉంటుంది. దాన్ని పెడెస్టల్ అంటారు. మూత ఎత్తితే బ్రేకర్లు, సాకెట్లు. మాలాంటి చిన్న ట్రైలర్లకు మూడు కన్నాల 30 ఆంప్స్ సాకెట్టు, 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. పెద్ద బళ్లకు నాలుగు కన్నాల 50 ఆంప్స్ సాకెట్టు. అందులో 120 వోల్టుల ఫేజులు రెండు వస్తాయి కాబట్టి 12,000 వాట్ల దాకా లాగొచ్చు. మా లావుపాటి వైరు పెడెస్టల్‌కు తగిలించి బ్రేకరు వేశామంటే ఇక ఫ్రిజ్జు, టీవీ, మైక్రోవేవ్, బ్యాటరీ చార్జరు అన్నీ తమరి దయ మీద బతకాల్సిందే.

ఆ దయ ఎలాంటిదో తమరు ముందే రాసిచ్చారు. చేరిన రోజు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఒక షరతు ఉంది: కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అతిథుల పరికరాలు పాడైతే యాజమాన్యానికి బాధ్యత లేదు, సర్జ్ ప్రొటెక్టరు వాడుకోవలసిందిగా సలహా. ఆ వాక్యం రాసిన వకీలుకు మీ వైరింగు గురించి మీకంటే బాగా తెలుసని నా అనుమానం.

సర్జ్ ప్రొటెక్టరు అనే పేరు చూసి మావాళ్లు మోసపోకూడదు. చవగ్గా దొరికేవి పిడుగుకో, లైను కుదుపుకో క్షణకాలం వచ్చిపడే పోటును మాత్రమే మింగుతాయి. వోల్టేజి 95కి జారినా, ఎర్త్ తెగినా ఓ చిన్న లైటు వెలిగించి చూస్తూ కూర్చుంటాయి తప్ప కరెంటు ఆపవు. ఆపేది ఈఎమ్మెస్ అనే డబ్బా. అది సుమారు మూడొందల డాలర్ల బాపతు. బ్రేకరు వేయగానే లోపలికి కరెంటు వదలదు. ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయా, ఎర్త్ ఉందా, వోల్టేజి ఎంత అని ముందు తాను చూసుకుంటుంది. మాది 104 వోల్టులకు తగ్గినా 132కి మించినా కరెంటు ఆపేస్తుంది. అంతా సరిగ్గా ఉన్నా రెండు నిమిషాల పైన ఆగి మరీ వదులుతుంది. ఏసీ కంప్రెసరు ఆగిన వెంటనే మళ్లీ స్టార్టు కాకూడదని ఆ జాగ్రత్త. ఇంత బుద్ధిమంతురాలైన డబ్బాను ఇనుప గొలుసుతో మీ పెడెస్టల్‌కే కట్టి తాళం వేసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి మాయం.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎండ మండిపోతోంది. చుట్టూ ఉన్న ట్రైలర్లన్నిటి కప్పుల మీదా ఏసీలు హోరెత్తుతున్నాయి. పొద్దున 118 చూపించిన మా డబ్బా 109, 106 అంటూ దిగి, 103 దగ్గర టక్కుమని కరెంటు ఆపేసింది. కాసేపటికి వోల్టేజి కోలుకుంది, డబ్బా కరెంటు వదిలింది, ఏసీ ఎత్తుకోబోయింది, వోల్టేజి పడిపోయింది, మళ్లీ టక్. పిల్లలకు అదో ఆట అయిపోయింది. తెనాలి వైపు విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మా మామగారు, మమ్మల్ని చూడటానికి వచ్చినవారు, మడత కుర్చీలో కూర్చుని ఆ అంకెలు కాసేపు చూశారు.

"బాబూ, ఇది మన ఎండాకాలం లో వోల్టేజీయే. ఇక్కడ దీనికి డాలర్లు కట్టించుకుంటున్నారు, అంతే తేడా" అన్నారు.

వోల్టేజి తగ్గితే మామూలు బల్బు గుడ్డిగా వెలుగుతుంది, దానికొచ్చిన నష్టం లేదు. మోటారు అలా ఊరుకోదు. మోయాల్సిన బరువు మోయాల్సిందే కాబట్టి తగ్గిన వోల్టులకు బదులు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వైండింగు వేడెక్కుతుంది, ఇన్సులేషను మాడుతుంది. స్టార్టయ్యేటప్పుడైతే మరీ కష్టం. బలం చాలక హుమ్మని మూలుగుతూ తిరక్కుండా నిలబడిపోతుంది. తెనాలి వైపు పొలాల్లో మోటార్లు కాలి రీవైండింగు షాపుకు చేరేది ఈ దారినే. అక్కడ రైతు మోటారు, ఇక్కడ నా ఏసీ.

ఇందులో తమరి పాపమెంత, శాస్త్రం పాపమెంత అని నిష్పక్షపాతంగా ఆలోచించాను. అమెరికాలో వైరింగుకు వేదం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ మూడేళ్లకోసారి దాన్ని సవరించి అచ్చు వేస్తుంది. అందులో 551వ ఆర్టికల్ ఆర్వీలకు, ఆర్వీ పార్కులకు సంబంధించింది. పార్కు మొత్తానికి ఎంత కరెంటు వచ్చేలా ఏర్పాటు చేయాలో చెప్పే పట్టిక అక్కడుంది. సైటు ఒక్కటే అయితే నూటికి నూరు శాతం లెక్క వేయాలి. పది సైట్లయితే 50 శాతం చాలు. 36, ఆ పైన ఎన్నున్నా 41 శాతం చాలు. అందరూ ఒకేసారి అన్నీ వాడరు కదా అని ధీమా. 30 ఆంప్స్ సైటుకు 3,600లో 41 శాతమంటే 1,476, అంటే 12.3 ఆంప్స్. నా కప్పు మీది 13,500 బీటీయూ ఏసీ ఒక్కటే ఇంచుమించు 13 ఆంప్స్ లాగుతుంది! పెళ్లికి వందమందిని పిలిచి, అంతా ఒకే బంతికి కూర్చోరులే అని 41 విస్తళ్లకు వండించిన లెక్క ఇది. వేరే చోట ఈ లెక్క కుదురుతుందేమో. ఆగస్టులో, టెక్సస్‌లో, మధ్యాహ్నం మూడింటికి అందరూ మొదటి బంతికే కూర్చుంటారు.

కోడ్ రాసినవాళ్లు ఇది ఎరగనివాళ్లేం కాదు. విపరీతమైన ఎండో చలో ఉండి ఏసీలు, హీటర్లు గట్టిగా వాడే చోట్ల ఈ శాతాలు చాలకపోవచ్చని ఆ పట్టిక దగ్గరే ఓ చిన్న గమనిక పెట్టారు. కోడ్ చెప్పేది కనీసం. ఇంతకంటే ఎక్కువ ఏర్పాటు చేయొద్దని ఏ పేజీలోనూ లేదు. తమరేమో శాతం చదివారు, గమనిక వదిలేశారు. పైగా ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, వరస చివర ఉన్న మాలాంటివాళ్లకు ఆ కాస్తలోనూ కొంత దారిలోని తీగలే తినేస్తాయి. పోనీ మా జనరేటరు వేసుకుందామంటే మీ బోర్డు మీద రెండో నిబంధన: జనరేటర్లు నిషేధం. మీ కరెంటు నిలవదు, మా కరెంటు చెల్లదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. మేం చేరిన సాయంత్రం జరిగింది నవ్వే సంగతి కాదు.

మొదట మాకు ఇచ్చిన సైటులో డబ్బా కరెంటు వదల్లేదు. ఎర్త్ లేదని తెర మీద చూపించింది. మీ పనివాడు గోల్ఫ్ బండిలో వచ్చాడు. పెట్టె మూత ఎత్తి చూసి, దించి, మా డబ్బా వైపు వేలు చూపించాడు. "అది తీసేసి డైరెక్టుగా పెట్టుకోండి, పనిచేస్తుంది." నిజమే, పనిచేస్తుంది. ఎర్త్ లేకపోయినా టీవీ వస్తుంది, ఫ్రిజ్జు చల్లబడుతుంది. సాక్షిని బయటికి పంపేస్తే కేసు ఉండదు.

అంతలో వాన పడి వెలిసింది. పక్క సైటులో ఓ ముసలి దంపతుల కుక్క తడి గడ్డిలో నిలబడి, ఎంత పిలిచినా ట్రైలరు మెట్లెక్కడం లేదు. ఇనప మెట్టు మీద ముందరి కాలు పెట్టడం, కుయ్యిమని లాక్కోవడం. కొత్త చోటని బెదురుతోందని వాళ్లు అనుకున్నారు. మామగారు లేచి, చెప్పులు తొడుక్కుని, చొక్కా జేబులోంచి టెస్టరు తీశారు. ఆ నియాన్ బల్బు టెస్టరు ఆయన సూట్‌కేసులో సముద్రాలు దాటి వచ్చింది. వాళ్ల తలుపు పిడికి ఆనిస్తే ఎర్రగా, సన్నగా వెలిగింది.

"ఒంటికి కరెంటొచ్చింది. పిల్లల్ని దిగనియ్యమాకండి" అన్నారు నాతో. ఆ దంపతులకు తెలుగు రాకపోయినా ఆయన గొంతు అర్థమైంది. పెద్దాయన బ్రేకరు దించాడు. కుక్క మెట్లెక్కి లోపలికి పోయింది.

మీ పెడెస్టళ్లలో కొన్ని గొలుసుకట్టుగా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్తాయి. మా పెట్టెలో వదులైన ఎర్త్ పక్క పెట్టెకూ లేకుండా పోయింది. బండిలోని పరికరాలన్నిటి నుంచీ కాస్తో కూస్తో కరెంటు బాడీలోకి కారుతూనే ఉంటుంది. దాన్ని మోసుకుపోవడానికే ఎర్త్ వైరు. అది తెగితే, రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ఆ అల్యూమినియం ఒళ్లంతా కరెంటు ఎక్కి కూర్చుంటుంది. తడి నేల మీద నిలబడి పిడి పట్టుకున్నవాళ్లే దానికి దారి. హీటరు రాడ్డో మరొకటో నిజంగా షార్టయి 120 వోల్టులు బాడీకి చేరిన రోజున, తిరిగి వెళ్లే తీగ లేదు కాబట్టి బ్రేకరు కూడా పడదు. మర్నాడు పొద్దున మీ పనివాడు వచ్చి ఓ స్క్రూ బిగించి వెళ్లాడు. ఒకే ఒక్క స్క్రూ.

ఇక మాకు ఎదురుపడకపోయినా మావాళ్లు తెలుసుకోవాల్సినవి రెండు. ఇళ్లల్లో బట్టలారబెట్టే డ్రయ్యరుకు పాతకాలపు సాకెట్టు కూడా మూడు కన్నాలదే, 30 ఆంప్స్‌దే, కానీ అది 240 వోల్టులది. ఇళ్ల పని అలవాటైన ఎలక్ట్రీషియన్ ఆర్వీ సాకెట్టునూ దాని తోబుట్టువే అనుకుని రెండు ఫేజులూ ఇచ్చేస్తే, 120కి తయారైన సామానంతా క్షణాల్లో పొగ. రెండోది 50 ఆంప్స్ వాళ్ల గండం. న్యూట్రల్ పోతే వీధిలో టీవీలు, ఫ్యాన్లు కాలిపోవడం మనకు తెలిసిందే కదా, ఇక్కడా అంతే. రెండు ఫేజులకూ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ తెగితే 240 వోల్టులను రెండు పక్కలా ఉన్న సామాను పంచుకోవాలి. పంపకం సమానంగా ఉండదు. ఏసీ ఉన్న పక్క నీరసించిపోతుంది, ఒంటరి టీవీ ఉన్న పక్కకు వోల్టులన్నీ వచ్చి పడతాయి. అందుకే వైరు తగిలించకముందే మల్టీమీటరుతో సాకెట్టు చూసుకోవాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 120 దరిదాపులు, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్యా అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు సున్నా. తగిలించేటప్పుడు, ఊడదీసేటప్పుడు బ్రేకరు దించి ఉండాలి.

ఇంతకీ తమరిని కోరేది ఏమంటే, ప్రతి పెట్టెనూ వేసవికి ముందు మనిషి చేత విప్పించి చూపించండి. ప్లగ్గు పెడితే పట్టు లేక తల వాల్చేసే సాకెట్లు, కన్నాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినవి మార్పించండి. వదులు సాకెట్టే వేడెక్కి మా ప్లగ్గుల్ని కరిగిస్తోంది. స్విమ్మింగ్‌పూల్ దగ్గర క్లోరిన్ ఎంతుందో రోజూ పలక మీద రాసి పెడుతున్నారు, మెచ్చుకోవలసిందే. ఆఖరి వరసలో మధ్యాహ్నం వోల్టేజి ఎంతుందో కూడా ఆ పలక మీదే, క్లోరిన్ కిందే, రాయండి. 120కి అయిదు శాతం అటూఇటూ, అంటే 114 నుంచి 126 దాకా ఉంటే మేం నోరెత్తం. అంతకు తగ్గే రోజుల్లో జనరేటరు నిషేధం ఎత్తెయ్యండి, లేదా అద్దెలో కొంత తగ్గించండి. మీ పనివాళ్లకు మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఎవరి డబ్బానూ తీసేయమనకూడదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆఖరి వరస అతిథి

తా.క.: నదివైపు మలుపులో ఉన్న పెట్టె మూత కింద కందిరీగలు గూడు పెట్టాయి. అది వైరింగులో భాగం కాదు, నిరభ్యంతరంగా తీసెయ్యొచ్చు.