బావకు మూతి వంకరపోతే ఆసుపత్రిలో మీరు చేయాల్సినవి

తెలంగాణ నుంచి వచ్చి సూరత్ లింబాయత్‌లో సాంచాలు నడిపే బావకు ఉన్నట్టుండి మూతి వంకరపోయింది, ఎడమ చెయ్యి పడిపోయింది. 108లో పెద్దాసుపత్రికి చేర్చారు. అక్కకు హిందీ రాదు, డాక్టరుకు తెలుగు రాదు. మధ్యలో మీరే. ఇంత అధికారం మళ్లీ దొరకదు, వాడుకోండి.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు పడాలని ఫోన్‌లో చదివారు కదా, ఆ ఒక్క ముక్క పట్టుకోండి. మామూలు పక్షవాతానికి అది మంచి మందే. బావది మామూలుది కాకపోవచ్చన్న ఆలోచనే రానివ్వకండి.

అక్క మొదలుపెడుతుంది: "పొద్దుగాల సాంచ కాడ నిలవడ్డప్పుడే ఛాతిల చీరినట్టయింది, నొప్పి ఈపులకు పోయిందన్నడు సారూ." ఇదంతా చెప్పకండి. ఆ నొప్పికి ఈనో తాగించారుగా! "లక్వా హై సాబ్" చాలు. నొప్పి మాట చెవిన పడిందా, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని లోపలి పొర చిరిగిందేమో, ఆ చిరుగు మెడలోకి పాకి మెదడుకు రక్తం ఆగిందేమో అని డాక్టరు అనుమానంలో పడతాడు. బీపీ మాత్రలు మానేసిన సంగతి అసలే ఎత్తకండి, పరువు సమస్య.

నర్సు రెండో చేతికీ బీపీ చూస్తానంటే మనిషికి ఒక బీపీ చాలదా అనండి. ఎడమచేతిలో 150, కుడిచేతిలో 90 వస్తే మిషన్ చెడిపోయిందని తేల్చేయండి. తల స్కాన్‌లో రక్తస్రావం లేదన్నారు కదా. ఛాతీ నుంచి తలదాకా రంగుమందు ఎక్కించి ఇంకో స్కాన్ దేనికి?

ఇంజెక్షన్ పడ్డాక చిరిగిన చోట రక్తాన్ని ఆపుతున్న గడ్డ కూడా కరగొచ్చు. గుండె చుట్టూ ఉన్న సంచిలోకి రక్తం దిగితే గుండె కొట్టుకోవడానికి చోటుండదు. అప్పుడు ఛాతీ తెరవాలి, తెరిస్తే కారే రక్తం గడ్డకట్టదు. ఆ తలనొప్పి సర్జన్‌ది.

ఈ చిరుగుకు ఆపరేషన్ నేర్పిన సర్జన్ డెబేకీకే 2005 డిసెంబరు 31న ఇది వచ్చింది. జబ్బేమిటో తానే పోల్చుకున్నాడు, 2006 ఫిబ్రవరిలో 97 ఏళ్ల వయసులో ఆపరేషనై, 2008 దాకా బతికాడు. ఆయన ఇంట్లో ఈనో లేదు కాబోలు.

ఇంతా చేశాక డాక్టరు మొండివాడై, తన ఛాతీ మీద చెయ్యి పెట్టి "దర్ద్ థా?" అని నేరుగా అక్కనే అడుగుతాడు. అక్క తలూపేలోపే మంచినీళ్లు తెమ్మని బయటికి పంపండి.