నేల విడిచి సవారీ

"నాలుగు రోజులు నడిపితే అదే అలవాటైపోతది సార్" అనే మాట మొదట కనిపెట్టినవాడెవడో గానీ, బండ్ల కంపెనీలన్నీ చందాలు వేసుకుని వాడికో విగ్రహం పెట్టించాలి. పెట్టించేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. విగ్రహం పాదాలు దిమ్మెకు ఆనకూడదు, మునివేళ్ల మీదే నిలబడాలి. నాలుగు రోజులు పోతే దానికే అలవాటైపోతుంది.

నాకు మాత్రం ఏడు నెలలైనా అలవాటు కాలేదు. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. మావాడిది అయిదడుగుల పదకొండు. హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. కొల్లాపూర్‌లో నేను ఏ బండి నడపాలో అక్కడి నుంచే తేల్చాడు. "ఇంకా ఆ చిన్న స్కూటర్ ఏంది నాయినా, పెద్దది తీస్కో, లుక్కుంటది" అన్నాడు. పెద్ద స్కూటరంటే ముందు పడవంత ముక్కు, కాళ్లు చాపుకునే తావు, మంచమంత సీటు. బండి పేరు చెప్పను. తప్పు బండిది కాదు, కొన్న నాది.

షోరూంలో ఎక్కి చూశాను. నేను ఎక్కుతున్నప్పుడు వెనకాల ఓ పిల్లగాడు బండిని గట్టిగా పట్టుకున్నాడు. కింద అద్దంలాంటి టైల్స్, ఎటూ వాలు లేదు. "చూడండి సార్, కాళ్లు అందుతున్నయి" అన్నాడు అమ్మే అబ్బాయి. "అందుతున్నవి వేళ్లు తమ్మీ" అన్నాను. అప్పుడు పడింది ఆ మహామంత్రం, నాలుగు రోజులు నడిపితే అని. ఆ తర్వాత అతను అడిగిన ప్రశ్న ఒక్కటే: క్యాషా, ఫైనాన్సా? ఇంట్లో ఇంకెవరు నడుపుతారు, వాళ్ల ఎత్తెంత అని అడగలేదు. నాకూ తోచలేదు. వెనకాల పట్టుకున్న పిల్లగాణ్ని బండితో పాటు ఇస్తారా అని అడగడమూ తోచలేదు.

ఇంటికొచ్చాక, బుద్ధి ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చింది గనక, కరపత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. సీటు ఎత్తు అని ఓ అంకె ఉంటుంది, మిల్లీమీటర్లలో. హోండా యాక్టివా 6జీకి 764. సుజుకి బర్గ్‌మన్ స్ట్రీట్ 125కి 780. యమహా ఏరాక్స్ 155కి 790. ఇంతవరకు బాగానే ఉంది, బండి పెరిగేకొద్దీ సీటూ పెరుగుతోంది అనుకున్నాను. అప్పుడు చూశాను ఆ బర్గ్‌మన్ గారి పెద్దన్నయ్యను. విదేశాల్లో తిరిగిన 650 సీసీ బర్గ్‌మన్ సీటు 755. అంటే మన రోడ్ల మీది 125 సీసీ తమ్ముడి కంటే రెండున్నర సెంటీమీటర్లు కిందికే. 2021లో దాదాపు పది లక్షలకు మన దేశానికొచ్చిన బీఎండబ్ల్యూ సీ 400 జీటీ సీటు 775. ఇంకో ఎనిమిది తొమ్మిది లక్షలు పోసుకుంటే అయిదు మిల్లీమీటర్లు నేలకు దగ్గరవుతామన్న మాట. నేల ధర ఇంత పెరిగిందని రియల్ ఎస్టేట్ వాళ్లకు కూడా తెలిసినట్టు లేదు.

అసలు తమాషా ఇంకొకటుంది. మా వైపు పొలాలకు పోయే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 సీటు ఎత్తు 787. బర్గ్‌మన్ స్ట్రీట్ కంటే ఎక్కువ! దాని మీద యూరియా బస్తా, ముందు పాల క్యాను, వెనక మనవడు. నడిపేది అయిదడుగుల ముసలాయన. మూల మీద ఆగితే కాలు హాయిగా నేల మీద పెట్టి బీడీ కూడా వెలిగించుకుంటాడు. అంకె చూస్తే ఆయన గాల్లో ఊగాలి, నేను నేల మీద నిలబడాలి. జరిగేది తలకిందులు.

కిటుకు పదో తరగతి లెక్కల పుస్తకంలోనే ఉంది. ఎక్స్‌ఎల్ సీటు సన్నం. కాలు తిన్నగా కిందికి దిగుతుంది. పెద్ద స్కూటర్ సీటు వెడల్పు, దాని కింద ఫుట్‌బోర్డు ఇంకా వెడల్పు. కాలు ముందు పక్కకు పోయి ఆ అంచు దాటి, అప్పుడు కిందికి దిగాలి. మీ కాలు 75 సెంటీమీటర్లనుకోండి. పాదం 25 సెంటీమీటర్లు పక్కకు జరిగిందా, పైథాగరస్ గారి లెక్కలో కిందికి దిగేది 70 చిల్లరే. నాలుగు సెంటీమీటర్లు దారిలోనే మాయం. బీరువాకున్నట్టు కరపత్రాల్లో పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ ఉన్నాయి. కానీ ఆ వెడల్పు హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచింది. నా తొడల మధ్య ఉండే సీటు వెడల్పు ఎంతో నేను చూసిన ఒక్క కరపత్రంలోనూ లేదు. బల్బు ఎన్ని వాట్లో ఉంది, ఫోన్ ఛార్జింగ్ ఉంది, బండి రంగుకు నాకు నోరు తిరగని పేరుంది. కాలు అందుతుందా లేదా అన్న ఒక్క సంగతే లేదు.

సీటు ఎందుకింత లేచిందంటే దాని కింద ఇంజను, డిక్కీ ఉండాలి. డిక్కీలో హెల్మెట్ పట్టాలి. డిక్కీ ఇన్ని లీటర్లు, అన్ని లీటర్లు అని కంపెనీలు పోటీలు పడుతున్నాయి, స్కూటర్ కాదు, నీళ్ల డ్రమ్ము అమ్ముతున్నట్టు. పాపం, వాళ్లెవరూ మా ఊరు వచ్చినట్టు లేదు. మా దగ్గర హెల్మెట్ ఉండేది అద్దానికి, పోలీసులు కనబడితే నెత్తికి. డిక్కీలో ఉండేవి మామిడికాయలు, పాస్‌బుక్కు జిరాక్సులు. ఎప్పుడూ పెట్టని హెల్మెట్‌కు చోటు చూపించడానికి రోజూ కూర్చునే నన్ను గాల్లోకి లేపారు.

వెస్పా స్కూటర్ పుట్టిందే దీనికి విరుగుడుగా. ఇటలీలో కొరాడినో డాస్కానియో అని విమానాలు, హెలికాప్టర్లు చేసిన ఇంజనీరు. మోటార్‌సైకిలంటే ఆయనకు గిట్టదు. కాలు ఎత్తి ఎక్కాలి, బట్టలకు నూనె మరకలు. అందుకని 1946లో వెస్పా చేశాడు, నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు ఎక్కేలా. గాల్లో ఎగిరేవి చేసిన మనిషి నేల మీద నిలబడే బండి చేశాడు. నేల మీద పోయేవి చేసేవాళ్లు ఇప్పుడు మమ్మల్ని గాల్లో నిలబెడుతున్నారు.

కార్తీక సోమవారం. సోమశిలకు బయల్దేరాం, నేనూ మా ఆవిడా. వెనక సీటు మీద ఆమె పక్కకు కూర్చుంది. ఒడిలో కొబ్బరికాయల సంచి. కృష్ణ ఒడ్డు దగ్గరపడ్డాక దారి దిగుడు. పైగా రోడ్డు ఎడమ పక్కకు ఎత్తు, కుడి పక్కకు పల్లం. ముందు ఆటో ఆగింది. నేనూ బ్రేకు పట్టి, అలవాటు కొద్దీ కుడికాలు పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. కాలు దిగుతూనే ఉంది, నేల రావడం లేదు. ఆ అర క్షణంలో షోరూం టైల్స్, ఆ వెనకాల పట్టుకున్న పిల్లగాడు కళ్ల ముందు కదిలారు. బండి పడలేదు, పడుకుంది. పూజకు అలసిన ముత్తైదువ ఒరిగినంత నిదానంగా, మర్యాదగా, నన్ను వెంటబెట్టుకుని మరీ. మా ఆవిడ మాత్రం అప్పటికే దిగి నిలబడింది. నా మీద ఆమెకున్న అంచనాలు ముప్పై ఏళ్ల అనుభవంతో కట్టుకున్నవి. కొబ్బరికాయల్లో రెండు కృష్ణమ్మ వైపు దొర్లుకుంటూ పోయాయి. మొక్కు మావైపు నుంచి అట్లా తీరింది.

ఆ వెనకే ఎక్స్‌ఎల్ మీద ఓ ముసలాయన వచ్చి ఆగాడు. రెండు కాళ్లూ నేల మీదే, హవాయి చెప్పులు.

"ఏమైంది సారూ, కాలు అందలేదా?"

"అందలేదు పెద్దాయనా."

"అందనిది ఎందుకు కొన్నరు?"

పెద్ద పెద్ద కంపెనీల పరిశోధన విభాగాలు అడగాల్సిన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. "లుక్కు" అని చెప్పబోయి, నేనున్న భంగిమ చూసుకుని ఊరుకున్నాను.

ఆ వారమంతా సలహాలే. ఒకాయన మందపాటి అడుగున్న బూట్లు కొనమన్నాడు. కాలు కొలతకు బండి దొరకకపోతే బండి కొలతకు కాలు పెంచుకోవాలన్న మాట. ఇంకొకాయన వెనక షాకులు పొట్టివి వేయించమన్నాడు. వేయిస్తే స్పీడ్ బ్రేకరుకు బండి పొట్ట గీసుకుంటుందని, స్టాండ్ వేయడం ఇంకా కష్టమవుతుందని చెబితే, "అలవాటైపోతది" అన్నాడు. ఈ మంత్రానికి గురువులు కంపెనీలోనే కాదు, వీధివీధినా ఉన్నారు.

చివరికి సీటు కవర్లు కుట్టే అతని దగ్గరికి తీసుకుపోయాను. రెండంగుళాల ఫోమ్ పైనుంచి కోసెయ్, ఎత్తు తగ్గుతుంది అన్నాను. అతను కోయలేదు. ముందు నన్ను కూర్చోమన్నాడు. బలపం తెచ్చి, తొడ లోపలి వైపు సీటుకు ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ రెండు వైపులా గీతలు గీశాడు. "పైన తీస్తే అడుగు ప్లాస్టిక్ గుచ్చుకుంటది సార్. ఎత్తు గాదు, వారలు తియ్యాలె" అన్నాడు. కవర్ పిన్నులు ఒక్కొక్కటీ ఊడదీసి, సీటు ముందు భాగంలో రెండు చెంపలూ కత్తితో చెక్కి, గరుకు కాగితంతో నునుపు చేసి, రెగ్జిన్ మళ్లీ బిగించాడు. ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గలేదు. పాదంలో ముందు సగం నేలకు ఆనింది. మడమ ఇంకా రాలేదు గానీ, అంతవరకు వేళ్లతో సరిపెట్టుకున్నవాడికి అదే వైకుంఠం. పైథాగరస్ పేరు విన్నాడో లేదో గానీ, కరపత్రం రాసినవాళ్ల కంటే ఆయన సంగతి ఇతనికి బాగా తెలుసు.

పొడుగాటి వాళ్లకూ బాధలున్నాయి, కాదనను. ఆరడుగుల మనిషి చిన్న స్కూటరెక్కి మలుపు తిప్పితే హ్యాండిల్ మోకాలికి తగులుతుంది. వాళ్లకు ఈ పెద్ద బండి వరమే, మావాడు సెలవులకొచ్చి ఎక్కితే దొరబిడ్డలాగే ఉంటాడు. బండి పోతున్నంతసేపూ నాకూ దొరతనమే. ఆగితేనే చిక్కు. వెనక్కి తోసుకోవాలన్నా, దిగుడులో నిలపాలన్నా, సింగోటం జాతరలో ఇసుకలో మలుపుకోవాలన్నా కాలు కావాలి.

మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, ఆడవాళ్లది సుమారు 152. పెంట్లవెల్లి బడికి పోయే టీచరమ్మ, ఊళ్లు తిరిగే నర్సమ్మ ఎక్కేవి ఈ స్కూటర్లే. మరి సీటు ఎవరి కాలు చూసి పెట్టారు? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది ఉంది. వెనక కూర్చున్నవాళ్లకు పట్టుకోవడానికి పిడి ఉండాలి, పాదం పెట్టుకునే తావుండాలి, బట్టలు చక్రంలో చుట్టుకోకుండా అడ్డు ఉండాలి అంటుంది. మంచి నియమం. వెనక కూర్చునే చీరను తలచుకున్నారు. అదే చీర ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాక మాత్రం కొలత తీసేవాడు లేడు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. ఎంచింది అందరికంటే పొడుగువాడు. అప్పు కట్టేది నేను. మా ఆవిడకు స్కూటర్ నడపడం వచ్చు, పాతదాని మీద బజారుకు తనే పోయేది. ఇప్పుడు నడిచిపోతోంది. ఈ సంగతి ఆమె ఇంతవరకు నాతో అనలేదు. అననందుకే ఎక్కువ భయంగా ఉంది.

మా ఊళ్లో సురభి రాజుల బంగళా ముందు నుంచి పోయినప్పుడల్లా అనుకుంటాను. రాజులెక్కే ఏనుగు ఈ స్కూటర్ కంటే రెండింతల పైనే ఎత్తు. అయినా మనిషి ఎక్కాలంటే ఏనుగే కూర్చుంటుంది. నాలుగు రోజుల్లో అలవాటైపోతుందని మావటివాడు రాజుగారితో అని ఉండడు.

కంపెనీ వాళ్లకు ఒక్క మనవి. కరపత్రంలో సీటు ఎత్తు పక్కనే, సీటు ముందు వెడల్పు ఎంతో, ఫుట్‌బోర్డు అంచు ఎంతో కూడా అచ్చు వేయించండి. రెండే అంకెలు, ఆ రంగు పేరు కంటే తక్కువ చోటే పడుతుంది. కొనేవాళ్లకు ఇంకొకటి. షోరూంకు మీ ఇంట్లో బండి నడిపే వాళ్లలో అందరికంటే పొట్టివాళ్లను తీసుకుపోండి. బండిని టైల్స్ మీద నుంచి కిందికి దింపించి, బయట రోడ్డు వాలులో నిలిపి, వాళ్లను ఎక్కించండి. వెనకాల పట్టుకున్న పిల్లగాణ్ని చాయ్ తాగి రమ్మనండి.