చప్పుడు ఎప్పుడొస్తోంది?

కారు ముందు చక్రం దగ్గర ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్టు గరగరమంటుంటే, అది బ్రేకుల్లోంచే వస్తోందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. రాయి ఇరుక్కుందనుకున్నాను. వానకు బ్రేకు డిస్కు తుప్పు పట్టిందనుకున్నాను. రెండూ నిజంగా జరిగేవే. చక్రం వెనక ఉండే రేకుకూ డిస్కుకూ మధ్య గులకరాయి చిక్కితే చెవులు చిల్లులు పడేలా గీరుతుంది; కారును కాస్త వెనక్కి నడిపితే తరచూ రాలిపోతుంది. రాత్రంతా వానలో తడిసిన డిస్కు మీద పలచగా తుప్పు లేస్తుంది. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. ఈ రెండింటికీ రూపాయి ఖర్చు లేదు. అందుకే నమ్మాను. ఖర్చులేని కారణాన్ని ముందే ఎంచుకుని, విన్న చప్పుణ్ణి తెచ్చి దానికి అతికించాను.

ఆ గరగర ఉన్నట్టుండి రాలేదు. అంతకుముందు చాన్నాళ్లు బ్రేకు వేసినప్పుడల్లా సన్నగా కీచుమనేది. చాలా బ్రేకు ప్యాడ్లకు చిన్న ఉక్కు రేకు ఒకటి అమర్చి ఉంటుంది. కొత్తలో 10 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉండే ప్యాడ్ మందం 2, 3 మిల్లీమీటర్లకు దిగేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. ప్యాడ్లు మార్చమని చెప్పడానికే దాన్ని పెట్టారు. నేను దుమ్మనుకుని వాటర్ వాష్ చేయించాను.

తర్వాత మలుపుల్లో బ్రేకు ఎర్ర లైటు వెలిగి ఆరడం మొదలైంది. బానెట్ ఎత్తితే బ్రేక్ ఆయిల్ కింది గీత దగ్గరుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, వెనక ఏర్పడిన ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, పైన డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఎక్కడా లీకు లేకుండా ఆయిల్ తగ్గిందంటే చూడాల్సింది ప్యాడ్లనే. నేను సీసా కొనుక్కొచ్చి పోశాను. లైటు ఆరిపోయింది. కారు చేసిన హెచ్చరికను నా చేత్తో నేనే నోరు మూయించాను.

చక్రం ఊచల సందులోంచి టార్చి వేసి కూడా చూశాను. ప్యాడ్ సగం పైనే ఉంది. ధీమా వచ్చింది. కానీ అలా కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. మామూలు కార్లలో పిస్టన్ లోపలివైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కగానే కాలిపర్ రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను దగ్గరికి లాగుతుంది. గ్రీజు ఎండి ఆ పిన్నులు బిగుసుకుపోతే భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. నా కారులో జరిగింది అదే.

ఆ కారులోనే అమ్మనూ పిల్లల్నీ ఎక్కించుకుని తిరుమల వెళ్లాను. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. రెండో గేరులో ఉంచి ఇంజన్‌తో వేగాన్ని పట్టుకుంటే బ్రేకుల మీద భారం చాలా తగ్గుతుంది. నేను పై గేరులో, బ్రేకు పెడల్ మీంచి కాలు తీయకుండా దిగాను. కొండంత ఎత్తు దిగుతున్న బరువులోని శక్తి డిస్కుల్లో వేడిగా మారుతూనే ఉంది. ప్రతి వంపులోనూ గరగర. “ఏంట్రా ఆ చప్పుడు?” అంది అమ్మ. “ఏం లేదమ్మా, రాయి” అన్నాను.

కిందికొచ్చేసరికి కాలిన వాసన. తిరుపతిలో మెకానిక్ చక్రం ముట్టుకోకముందే అడిగాడు: “ఎప్పుడొస్తాది సార్ సౌండు?” ఎక్కడి నుంచో చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను, ఎప్పుడన్నది ఎన్నడూ గమనించలేదు. ఆ ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. వేగంతోపాటు హోరు పెరుగుతూ, స్టీరింగ్ ఒకవైపు తిప్పితే ఎక్కువై రెండోవైపు తిప్పితే తగ్గితే వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింట్. రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడే గరగరమంటే ప్యాడ్లు.

“తొక్కితేనే అన్నా” అన్నాను. అంటుండగానే నాకు అర్థమైంది.

లోపలి ప్యాడ్‌లో ఇనప పలక తప్ప ఏమీ మిగల్లేదు. అది డిస్కును గాళ్లు పడేలా కోసేసింది. ఇంత మందం కన్నా తగ్గకూడదని డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది; నాది అంతకన్నా కిందికి అరిగిపోయింది. ప్యాడ్లతో పోవాల్సింది డిస్కుల దాకా వచ్చింది, రెండు వైపులా మార్చాల్సి వచ్చింది.

ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. అమ్మకు చెప్పిన జవాబే బాధిస్తోంది. తెలియదని చెప్పాల్సిన చోట తెలిసినట్టు చెప్పాను. ఆమె నమ్మి, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తొక్కితే వస్తోందా, వదిలితే ఆగుతోందా అని చూడ్డానికి ఖాళీ రోడ్డు మీద ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఇవ్వకుండా, నా మీద భరోసాతో కూర్చున్నవాళ్లను కొండ దించాను. ఇప్పుడు గరగర వినిపిస్తే చక్రం విప్పించి, లోపలి ప్యాడ్ నా కళ్లతో చూసేదాకా కారులో ఎవర్నీ ఎక్కించుకోను. మీరూ ఎక్కించుకోకండి.