ఉలి రాత

ఒసాకాలో మందుల దుకాణం నడిపే ఒకాయనకి పాత కత్తులంటే ప్రాణం. ఇనౌయే షింకాయ్ చేసిన కత్తి ఒకటి ఇంట్లో ఉండాలన్నది ఆయన చిరకాలపు కోరిక. షింకాయ్ 17వ శతాబ్దంలో ఆ ఊళ్ళోనే కొలిమి నడిపినవాడు. జపాన్ కత్తి కమ్మరుల్లో మసమునేని మించిన పేరు లేదు. షింకాయ్‌ని జనం ‘ఒసాకా మసమునే’ అన్నారంటే ఆ చేతి పనితనం ఎంతటిదో తెలుస్తుంది. షింకాయ్ కత్తి ధర దుకాణం ఆయనకి అందేది కాదు. అందుకని షింకాయ్ తండ్రి కునిసద పేరున్న కత్తి కొన్నాడు. తండ్రీ తక్కువవాడు కాదు. క్యోటోలో హొరికవ కునిహిరో దగ్గర పని నేర్చుకుని, ఒసాకా వచ్చి స్థిరపడి, 1652లో పోయాడు.

జపాన్ కమ్మరి తన పేరు అందరికీ కనపడేచోట చెక్కడు. పిడి లోపలికి దిగే ఇనుప భాగం మీద చెక్కుతాడు. వెదురు చీల ఊడదీసి పిడి లాగితే గాని ఆ పేరు బయటపడదు. ఆ భాగానికి ఎన్నడూ సాన పట్టరు, తుప్పు తుడవరు. వందల ఏళ్ళుగా నల్లగా పేరుకున్న ఆ తుప్పే కత్తి వయసుకి సాక్ష్యం. ఉలి గీత అడుగున ఉన్న తుప్పూ చుట్టూ ఉన్న తుప్పూ ఒకే రంగులో కలిసిపోవాలి. దెబ్బకి గీత అంచున లేచిన ఇనుము కాలంతో అరిగి, వేలికి మెత్తగా తగలాలి. ఆకురాయి గీతలు ఆ కమ్మరి అలవాటు ప్రకారమే వాలి ఉండాలి. ఆ తరవాతే అక్షరాలు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, పేరున్నవాళ్ళ సంతకాలు దొంగతనంగా చెక్కడం అక్కడ పాత వ్యాపారం. ఎడో నగరపు కమ్మరి కొతెత్సు పేరు కనపడితే ముందు దొంగదే అనుకోమని కత్తులవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మందుల దుకాణం ఆయనకి తుప్పు మీద అనుమానం రాలేదు. అక్షరాల దగ్గర వచ్చింది. కునిసద సంతకాల అచ్చులున్న పుస్తకం పక్కన పెట్టుకుని, భూతద్దంతో రాత్రుళ్ళు ఒక్కొక్క గీతా పోల్చాడు. ‘ఇజుమి నో కమి ఫుజివర కునిసద’. పేరు అదే. ఉలి ఒరిగిన కోణం మాత్రం వేరు, గీత ముగిసే చోట విరుపు వేరు. చేయి కునిసదది కాదు. ఎన్నిసార్లు చూసినా అదే తేలింది. ఆ కంటికి నేను దణ్ణం పెడతాను. అంత చిన్న తేడా పట్టుకోవడం అందరి వల్లా కాదు.

కత్తి తీసుకుని, సాన పట్టే పెద్దాయన దగ్గరకి వెళ్ళాడు.

“ఈ సంతకం తీసేయండి. దొంగది.”

పెద్దాయన కత్తిని దీపానికి ఏటవాలుగా పట్టాడు. వాదర పొడవునా గట్టిపడిన ఉక్కు రేణువులు తొలి మంచులా మెరిశాయి.

“సంతకం ఆఖర్న చూడాలండీ. మా గురువులు ఆ భాగానికి గుడ్డ చుట్టేసి, కత్తి ఒక్కటే చేతికిచ్చి, ఎవరిదో చెప్పమనేవారు. నేను సాన పట్టిన కునిసదలన్నిటికంటే ఇది బాగుంది.”

“అదే నా బాధ. ఎవరో మహానుభావుడు చేసిన కత్తి మీద ఎవడో దొంగ కునిసద పేరు కొట్టి అమ్ముకున్నాడు. ఆ అబద్ధం దీని మీద ఉండకూడదు.”

ఆయన మాటలో కపటం లేదు. పైగా దొంగ సంతకం ఉన్న కత్తి ఎంత గొప్పదైనా, దానికి ధ్రువపత్రం రాదు. ఆ పేరు చెరిపించి, సంతకం లేని కత్తిగా మళ్ళీ పరీక్షకి పంపడం అక్కడ మామూలే.

“క్యోటో నుంచి మా గురువుగారు వచ్చే నెల వస్తున్నారు. అందాకా ఆగండి.”

“కత్తి నాది. బాధ్యతా నాదే.”

పెద్దాయన ఇంకేం అనలేదు. అలవాటు కొద్దీ సంతకం మీద పల్చటి కాగితం పరిచి, సిరాకడ్డీతో రుద్ది అచ్చు తీసి దాచుకున్నాడు. తరవాత ఆకురాయి అందుకున్నాడు. మూడు వందల ఏళ్ళు దాటిన నలుపు సాయంత్రానికల్లా పొడిగా రాలిపోయింది. అక్షరాలు లోతుగా ఉన్నాయి. చివరి గీత పోయేదాకా ఇనుము అరగదీయాల్సి వచ్చింది.

మరుసటి నెల గురువుగారు వచ్చారు. మందుల దుకాణం ఆయన కబురంది పరుగున వచ్చి, కత్తి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన ముందుగా అచ్చు కాగితం తీసి గురువుగారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు.

“చేయి కునిసదది కాదు కదండీ?”

“కాదు. బాగా పట్టారు.”

మందుల దుకాణం ఆయన ముఖం వెలిగింది.

“చివరి రోజుల్లో కునిసద జబ్బుపడి సుత్తి ఎత్తలేకపోయాడు” అన్నారు గురువుగారు, కాగితం మీంచి చూపు తిప్పకుండానే. “కొలిమికి వచ్చిన పనంతా కొడుకే చేసేవాడు. కత్తి తనే సాగగొట్టి, తండ్రి మాట మీద తండ్రి పేరే చెక్కేవాడు. అలాంటిదాన్ని మేము దొంగ సంతకం అనం. చిన్న వయసులో ఆ కొడుకు ఉలి రాత అచ్చంగా ఇదే.”

“ఏ కొడుకండీ?”

“ఇంకెవరు, షింకాయే! పెద్దయ్యాక తన పేరుతో చేసినవి చాలా చూశాను. ఇరవై ఏళ్ళప్పుడు చేసినవి దొరకడమే అరుదు. అతని పనేనని గట్టిగా చెప్పడానికి ఈ అక్షరాలే ఆధారం.” ఆయన రెండు చేతులూ చాచారు. “ఏదీ, కత్తి ఇలా ఇవ్వండి. ఆ సంతకం ఒకసారి వేలితో తడిమి చూస్తాను.”