అంబాసిడర్ బీడింగ్ ఆత్మకథ

నేను స్టెయిన్‌లెస్ స్టీలు బీడింగ్‌ని. 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 కారుకి కుడివైపు ముందు తలుపు మీద వడ్డాణంలా ఉంటాను. వెనక తలుపు మీద నా జోడు ముక్క ఉంది. తలుపులు మూస్తే ఇద్దరం కలిసి ఒకే గీతలా కనపడాలి. మా ఉద్యోగం అదే.

కారు పుట్టింది కలకత్తా దగ్గర ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో. దాని మూలం ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. నేను మాత్రం దానితో పుట్టలేదు. కారు అమలాపురం చేరాక, దాన్ని కొన్న పెద్దాయన ముచ్చటపడి రాజమండ్రిలో నన్ను కొని బిగింపించారు.

ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో! బంతిపూల దండలు నా మీద నుంచే వేలాడేవి. కాకినాడ ప్రయాణమైతే కోటిపల్లి రేవులో గోదావరి దాటేవాళ్ళం. పలకల మీదుగా కారు పంటు ఎక్కుతుంటే అందరూ ఊపిరి బిగబట్టేవారు. 2002లో ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన వచ్చింది. ఆ ఏడాదే కన్నుమూసిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి పేరు దానికి పెట్టారు. ఆ తర్వాత మా పంటు ప్రయాణాలు తగ్గిపోయాయి.

కోనసీమ నీడ చల్లనిదే కానీ, గాలిలో ఉప్పుంది. 1996 నవంబరు 6 తుఫానులో షెడ్డు కూలి, కొబ్బరిచెట్టు విరిగి పడి నాకు సొట్ట పడింది. ఆ సొట్ట పెద్ద కష్టం కాదు. అసలు కష్టం నా వెనక మొదలైంది. నేను స్టెయిన్‌లెస్ అయినా నన్ను పట్టుకున్న క్లిప్పులు మామూలు ఇనుపవి. అవి దూరిన రంధ్రాల అంచుల్లో రేకుకి రంగు లేదు. ఉప్పుతేమ అక్కడ చేరింది. స్టెయిన్‌లెస్, మామూలు ఇనుము తడిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే, తుప్పు ఇనుముకే తొందరగా పడుతుంది. బయట నేను తళతళలాడుతున్నాను, నా చాటున తలుపుని తుప్పు తినేస్తోంది.

మధ్యలో ఒకసారి నన్ను తీయకుండానే పైన టేపు వేసి రంగు కొట్టేశారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే నా అంచు వెంట రంగు పొరలు పొరలుగా లేచింది.

పెద్దాయన పోయాక అబ్బాయిగారు కారుని అమ్మలేదు. పద్ధతిగా చేసే ఒక మేస్త్రీకి అప్పగించారు. ఆ మేస్త్రీ నన్ను పెరికి లాగలేదు. పుట్టీ పెట్టే బ్లేడుకి గుడ్డ చుట్టి, నా కిందకి దూర్చి, ఒక్కో క్లిప్పు దగ్గరా కొంచెం కొంచెం లేపుతూ తీశాడు. నా వీపున టేపు అంటించి ‘కుడి ముందు’ అని రాశాడు. వెనకనుంచి చెక్కముక్క ఆనించి సొట్ట తీశాడు. వాటర్ పేపర్‌తో రుద్ది, బఫింగ్ పట్టాడు. బంపరుని మాత్రం వాటర్ పేపర్ తాకనివ్వలేదు. క్రోమ్ పూత చాలా పల్చన, రుద్దితే పోతుంది. పోతే మళ్ళీ పూత వేయించడం తప్ప దారి లేదు.

రేకు మీద తుప్పంతా గీకి, రంధ్రాల అంచులకి కూడా ప్రైమర్ పట్టించాడు. తెల్లరంగు కొట్టాడు. సాయంత్రానికి వేలికి అంటలేదు. అబ్బాయిగారికి ఆత్రం.

“రేపు బిగించేద్దామా మేస్త్రీ?”

“ఆగండి బాబూ! పైన ఆరిందండి, లోపలింకా పచ్చిగానే ఉందండి. ఇప్పుడు బిగిస్తే క్లిప్పు నొక్కినచోట అచ్చు పడిపోద్దండి. అసలే వానాకాలం గాలి. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలండి, ఆయ్!”

అబ్బాయిగారు ఓపిక పట్టారు. బిగించే రోజున మేస్త్రీ ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా దారం లాగి కట్టాడు. సొట్టలు తీసి పుట్టీ పెట్టిన తలుపు కదా, పాత వరస కాస్త అటూ ఇటూ అయి ఉండొచ్చు. నా చోటుకి పైనా కిందా టేపు వేశాడు, చెయ్యి జారినా కొత్త రంగు మీద గీత పడకుండా. కొత్త క్లిప్పులకి గ్రీజు పూసి, వెనక రబ్బరు వాషరు వేశాడు. నన్ను ఒక కొస అబ్బాయిగారు పట్టుకుంటే, రెండో కొస నుంచి అరచేత్తో ఒత్తుకుంటూ వచ్చాడు. చివరి నట్టుని తలుపు లోపలి నుంచి ముందు వేళ్ళతోనే తిప్పి, ఆఖర్న మాత్రమే స్పానర్ పెట్టాడు. తర్వాత తలుపు మీద చెంబుతో నీళ్ళు పోసి, లోపల చెయ్యి పెట్టి తడి చూశాడు. తలుపు అడుగున నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోకుండా పుల్లతో పొడిచాడు. అప్పుడు గానీ ఆయన మొహంలో తృప్తి కనపడలేదు.

2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఇళ్ళల్లో మిగిలినవే మా కుటుంబం. పాత కారుకి రంగు వేయించే ప్రతి ఒక్కరికీ నా మనవి ఇదే: నన్ను తీయకుండా రంగు కొట్టించకండి. రంగు గట్టిపడకుండా నన్ను బిగింపించకండి. బిగించే ముందు నా వెనక రంధ్రాన్ని ఒక్కసారి మీ కళ్ళతో మీరే చూడండి. మీ కారు ఆయుష్షు నా మెరుపులో లేదు, ఆ రంధ్రం దగ్గర ఉంది.