'గవర్నమెంటు ఉద్యోగమైతే చాలు': టీకా తాత్పర్యం

మూలం: "జీతం కాస్త తక్కువైనా ఫర్వాలేదు, గవర్నమెంటు ఉద్యోగమైతే చాలు."

కర్త ఎవరో తెలియదు. పెళ్లీడు కూతురున్న తండ్రులందరూ ఇది తమ సొంత కవిత్వమే అనుకుంటారు. పుట్టిన చోటు మాత్రం తెలుసు: ముందుగది. స్టీలు ప్లేటులో కారప్పూస, పక్కన రెండు లడ్లు. టీవీ నడుస్తూనే ఉంటుంది, సౌండు ఉండదు. పెళ్లిళ్ల పేరయ్య సంచీలోంచి ఫొటోలు తీసి టీపాయ్ మీద పరుస్తాడు. "ఈ అబ్బాయి గచ్చిబౌలి, ఇరవై రెండు లక్షల ప్యాకేజీ. ఈ అబ్బాయి మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్." తండ్రి చెయ్యి రెండో ఫొటో మీదికి వెళుతుంది. అప్పుడు ఆయన నోట వెలువడేదే పై వాక్యం.

కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి హామీ లేదు.

ముందుగా పాఠాంతరం. తెలంగాణ ప్రతుల్లో 'సర్కారు కొలువైతే చాలు' అని ఉంటుంది. కొలువంటే రాజుగారి సభ, అక్కడ చేసే ఊడిగం కూడా. దేవుణ్ణి కొలవడంలో ఉన్నదీ ఆ ధాతువే. ఈ పాఠం వెనక చరిత్ర బరువు ఎక్కువ. నిజాం రాజ్యంలో కొలువులు స్థానికులకేనని ముల్కీ నిబంధనలు 1919లోనే చెప్పాయి. 1969 ఉద్యమం రాజుకున్నది ఉద్యోగాల దగ్గరే. స్థానికేతరులను వెనక్కి పంపమంటూ 1985 డిసెంబరులో వచ్చిన 610 జీవో నంబరు జనానికి నేటికీ కంఠతా వచ్చు. నీళ్లు, నిధుల సరసన నియామకాలను నిలబెట్టి ఒక రాష్ట్రాన్నే సాధించుకున్నాక, కాబోయే మామగారు ఆ మాట మీద పట్టుబడితే తప్పేముంది!

ఇక ప్రతిపదార్థం. 'జీతం' అంటే నెలకింత అని ఇచ్చే డబ్బు. దీనికి ప్రకృతి 'జీవితం'. ఒకటో తారీఖున పడితే వికృతి చాలు, పదో తారీఖు దాటితే ప్రకృతి గుర్తుకొస్తుంది.

'కాస్త తక్కువైనా' అన్న భాగం ప్రక్షిప్తమని వ్యాఖ్యాత అనుమానం. ఎవరో తర్వాతి కాలంలో చొప్పించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనం 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె భత్యం ఇంకా కలపలేదు. పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజనీరు ప్యాకేజీ పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. పన్నెండుతో భాగించి, పీఎఫ్ తీసేసి చూస్తే తక్కువ ఎవరిదో తెలుస్తుంది. పదేళ్లు నిలదొక్కుకుంటే సాఫ్ట్‌వేరు అబ్బాయి టీచరును దాటిపోతాడు, కాదనలేం. కానీ 'ప్రైవేటు' అనగానే అందరి కళ్లూ హైటెక్ సిటీ అద్దాల మేడల వైపే ఎందుకు పోవాలి? వీధి చివరి ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కలు చెప్పే మాస్టారిదీ, మందుల షాపు కౌంటరులో నిలబడే కుర్రాడిదీ ప్రైవేటు ఉద్యోగమే. పేరయ్య సంచీలో వాళ్ల ఫొటోలు అడుగున ఉంటాయి. ఈ వాదంలో పూర్వపక్షులూ సిద్ధాంతులూ కూడా వాళ్లను మరిచిపోయారు.

'ఫర్వాలేదు' పారశీకం నుంచి వచ్చిన మాట. 'పర్వా' అంటే చింత. చింత లేదని తండ్రి ఇంత నిబ్బరంగా అనడానికి ఆధారం కావాలి కదా. ఆధారం 2009 జనవరి 7. ఆరోజు సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో చూపిన వేల కోట్లు అసలు లేవని లేఖ రాశారు. అప్పటికి ఆ కంపెనీలో యాభై వేల పైచిలుకు ఉద్యోగులు. నిన్నటిదాకా కట్నాల బజారులో పైమెట్టు మీదున్న పేరు రాత్రికి రాత్రి 'ఆలోచించి చెబుతాం' జాబితాలోకి జారింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని చేజిక్కించుకునేదాకా ఉద్యోగులకు నిద్ర లేదు. ఈమధ్య ఉదాహరణ కావాలంటే, 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేలకు పైగా మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఒకప్పుడు టీసీఎస్‌ను 'ప్రైవేటులో గవర్నమెంటు' అనేవాళ్లు. ఆ విశేషణాన్ని ఇప్పుడు సవరించుకోవాలి.

'గవర్నమెంటు' అంటే ఆంగ్లంలో పరిపాలన. తెలుగులో మాత్రం 'తీసెయ్యలేరు' అని అర్థం. చిత్రమేమిటంటే, రాజ్యాంగం 310వ అధికరణం రాష్ట్ర ఉద్యోగి గవర్నరు ఇష్టమున్నంతవరకే కొలువులో ఉంటాడని చెబుతోంది. చదివితే గుండె జారుతుంది. వెంటనే 311 వచ్చి, విచారణ జరపకుండా, సంజాయిషీకి అవకాశమివ్వకుండా తొలగించరాదని అభయమిస్తుంది. తండ్రి చదివింది 311 మాత్రమే. బహుశా అదీ చదవలేదు, పక్కింటి రెవెన్యూ ఇనస్పెక్టరును చూశాడు.

తీసెయ్యకపోవచ్చు గానీ ఆపడం అంటూ ఒకటుంది. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి జీతాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ చాలామంది ఉద్యోగులకు సగం ఆపాయి. నాలుగో తరగతి సిబ్బందికి పదిశాతం ఆపాయి. ఆపినది తర్వాత చెల్లించాయి. అదే మహమ్మారిలో బడులు మూతపడి రోడ్డున పడ్డ ప్రైవేటు టీచర్లకు తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఒకే పాఠం చెప్పే ఇద్దరు మాస్టార్లలో ఒకరి జీతం ఆలస్యమైంది, ఇంకొకరికి బియ్యం వచ్చాయి. తండ్రి వాక్యానికి ఇంతకంటే బలమైన ప్రమాణం ఏ శాస్త్రంలోనూ దొరకదు.

ప్రతివాదులు ఇక్కడ లేచి 'రివర్స్ పీఆర్సీ' మాటేమిటంటారు. నిజమే. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు అప్పటిదాకా 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటుంటే, 2022 జనవరిలో ఫిట్‌మెంటు 23 శాతంగా తేలింది. పెంపు వచ్చి జీతం తగ్గడమనే ఈ విరోధాభాసకు అలంకారశాస్త్రంలో లక్ష్యంగా చూపదగ్గ ఉదాహరణ ఇంకోటి లేదు. ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'కు ఉద్యోగులు వేలాదిగా తరలివచ్చారు. అయినా గమనించాలి: జీతం తగ్గిందని అంతమంది కలిసి రోడ్డెక్కగలగడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. గచ్చిబౌలి అబ్బాయికి హైక్ రాకపోతే అతను చేసేది లింక్‌డిన్ ప్రొఫైలు మార్చుకోవడం.

'ఉద్యోగం' సంస్కృతంలో ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం ఆఫీసు కథ కాదు, యుద్ధ ప్రయత్నం. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మాత్రం నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర మంత్రి, అంటే సర్కారు కొలువే. సంస్కృతంలో చేసే ప్రయత్నం, తెలుగులో ప్రయత్నం ఆగిపోయిన చోటు. ఉద్యోగం రాకముందే ఉద్యోగమంతా చేసెయ్యడం మనకే చెల్లింది.

ఆ ప్రయత్నమంతా దాగున్న మాట 'అయితే'. షరతు చెబుతుంది కనక వ్యాకర్తలు దీన్ని చేదర్థకం అంటారు. ఆ పేరు స్థిరపరచిన చిన్నయసూరి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల పండితుడు, ఆయనదీ గవర్నమెంటు జీతమే. వాక్యంలో విడిగా కూడా నిలబడని చిన్న పదం, అన్నిటికన్నా పొడవైన కాలం. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగాయి. పేపరు లీకైందని తేలి 2023 మార్చిలో రద్దయ్యాయి. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. మెయిన్స్ తర్వాత మళ్లీ కోర్టు. నియామక పత్రాలు చేతికి అందింది 2025 సెప్టెంబరులో. మూడున్నరేళ్లు. ఒకే పోస్టు కోసం ఒకే మనిషి మూడుసార్లు ప్రిలిమ్స్ రాశాడు.

ఆ మూడున్నరేళ్లూ ఎక్కడ గడిచాయో తెలియాలంటే హైదరాబాదు చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాలి. కుర్చీ దొరకనివాళ్లు చెట్టు కింద సర్దుకుంటారు. వీపున బ్యాగు, ఒక సీసా నీళ్లు, రంగురంగుల హైలైటర్లతో ఇంద్రధనుస్సయిపోయిన పాలిటీ పుస్తకం. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం క్యూ. పక్కనే అశోక్‌నగర్ సందుల్లో ఒక గదిలో ముగ్గురు నలుగురు. ఊళ్లో నాన్న ఫోను చేస్తే "నోటిఫికేషన్ పడుద్ది నాన్నా" అనే ఒకే జవాబు. అమీర్‌పేటలో మూణ్నెల్ల కోర్సు చేసి కంపెనీలో చేరిన స్నేహితుడు ఈలోగా రెండు కంపెనీలు మారి ఉంటాడు. ఈ 'అయితే' ఖరీదు పేరయ్య లెక్కలో రాదు. కట్టేది అబ్బాయి ఇరవైల వయసు.

పోస్టు వచ్చాకా 'అయితే' అయిపోదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా యువత చేరింది. బీటెక్‌లు, ఎంబీఏలు కూడా. రెండేళ్ల ప్రొబేషన్, నెలకు 15 వేలు అన్నారు. పే స్కేలు ఉత్తర్వులు వచ్చేసరికి 2022 జూన్ అయింది.

చివరిది 'చాలు'. అచ్చతెలుగు పదం, వాక్యం బరువంతా దీని మీదే. ఏం చాలు? పెన్షను చాలు అని అంతరార్థం. తండ్రి మనసులో ఉన్నది తన తండ్రి: రిటైరయ్యాక కూడా నెలనెలా ఆఖరి జీతంలో సగం అందుకుని, డీఏ పెరిగినప్పుడల్లా మనవలకు జిలేబీలు తెచ్చిన తాతగారు. ఆ పెన్షను 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర కొలువులో చేరినవాళ్లకు లేదు. వాళ్లది వాటాల పెన్షను, సీపీఎస్. మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో పదిశాతం జీతంలోంచి కోస్తారు, ప్రభుత్వం తన వాటా వేస్తుంది, మిగతాది మార్కెట్టు చూసుకుంటుంది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (ఏకీకృత పెన్షను) తెచ్చి, పాతికేళ్లు చేసిన తన ఉద్యోగులకు చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం ఇస్తానంది. ఏమైనా టీపాయ్ మీదున్న ఫొటోలోని అబ్బాయి 2004లో బడిపిల్లాడు. తాతగారి జిలేబీ అతని చేతికి రాదు.

కాబట్టి తాత్పర్యం. వాక్యం తప్పు కాదు, ప్రతి పాతది. పదాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, వాటి కింద అర్థాలు జరిగాయి. ఉద్యోగ భద్రత అలాగే ఉంది, పెన్షను పోయింది. తక్కువనుకున్న జీతం తక్కువ కాదు, ఖర్చు లేదనుకున్న నిరీక్షణకు ఖర్చుంది. మూలంలో ఒక గ్రంథపాతం కూడా కనిపిస్తోంది: వాక్యంలో అమ్మాయి ఎక్కడా లేదు.

ఈసారి పేరయ్య ఫొటోలు పరిచినప్పుడు గవర్నమెంటు అబ్బాయి గురించి ప్రొబేషన్ డిక్లేరయిందా, సీపీఎస్‌లో ప్రభుత్వ వాటా సక్రమంగా పడుతోందా అని అడగండి. గచ్చిబౌలి అబ్బాయి ప్రాజెక్టులో ఉన్నాడా, బెంచి మీదున్నాడా, ఇరవై రెండు లక్షల్లో చేతికొచ్చేదెంత అని అడగండి. లోపలి గదిలో ఉన్న అమ్మాయిని పిలిచి, ఆమె ఏ పరీక్షకు చదువుతోందో కూడా అడగండి.