ఇంటికి ముందు పండ్లు

ఇల్లు కొనేవాళ్లు ముందు వాస్తు చూస్తారు, ఆ తర్వాత లింకు డాక్యుమెంట్లు చూస్తారు. మా మామ మాత్రం ముందు ఇరుగుపొరుగు పండ్లు చూస్తాడు.

ఆయనది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. బోరు నీళ్లల్లోని ఫ్లోరైడ్‌తో పెరిగిన తరం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట ఊరికి చేరేలోపే ఆయన పండ్ల మీద గోధుమరంగు చారలు చేరాయి. పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. అది కెన్యా, టాంజానియా దాకా పోయింది. పాస్‌పోర్టు లేకుండా విదేశం పోయిన నల్లగొండోడు అదొక్కటే అంటాడు మామ.

మేం చూసిన ఇల్లు పానగల్లు దిక్కు. "ఛాయా సోమేశ్వరుని గుళ్లె నీడ పొద్దంత కదలదు గద సార్, ఈ ఇంట్ల గూడ గంతే చల్లదనం. పైంగ ఉదయ సముద్రం గాలి" అని బ్రోకరు ఊరించాడు. చెరువు గాలి తగిలేచోట చెరువు నిండు మట్టం, అదే ఎఫ్‌టీఎల్, హద్దు కూడా తగులుతుందేమోనని నా భయం. ఆ సంగతి అడగబోతుంటే మామ ప్రహరీ మీంచి పక్కింటాయన్ని చూసి నవ్వాడు. ఆయనా నవ్వాడు. మామ ముఖం మాడిపోయింది.

"బయానా ఇయ్యకు అల్లుడా. ఈడి నీళ్లు మంచియి గావు, ఆయన పండ్లు జూడు!"

పంటి పైపొర ఎనిమిదేళ్లలోపే తయారవుతుందనీ, ఆ చార చిన్నప్పుడు తాగిన నీళ్లదే తప్ప ఈ కాలనీ నల్లాది కాదనీ చెప్పాను. "అయితే ఈడ పుట్టిన పోరగాండ్లను జూడాలె" అన్నాడు.

సాయంత్రం దాకా ఆగాం. బడి బస్సు దిగిన పిల్లల్ని నవ్వించడానికి డెబ్బై దాటిన మనిషి కనుగుడ్లు తిప్పాడు, చెవులు ఆడించాడు, కోతిలా గోక్కున్నాడు. ఒక పాప మాత్రం ముందు పండ్లు ఊడినందుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్లవి కడిగిన బియ్యంలా తెల్లగా ఉన్నాయి.

"కృష్ణ నీళ్లే. తీస్కో" అని తేల్చేశాడు.

రెండు లక్షలు తగ్గించమని బేరం మొదలుపెట్టాను. బ్రోకరు తల అడ్డంగా ఊపాడు.

"ఏం తగ్గిస్తం సార్? పొద్దటిసంది మీ మామ నవ్వుడే నవ్వుడు. ఇల్లు గింత నచ్చినంక ఇగ బేరమేంది?"